రెండిళ్లకూ ఒకటే పొయ్యి

మా చిన్నప్పుడు... గని షిఫ్టు సైరన్ కూత వినిపించనిదే మా ఇంట్లో పొయ్యి వెలిగేది కాదు.

గోదావరి దగ్గరి బొగ్గుగనుల కాలనీ మాది. అమ్మానాన్నలను అవ్వ, బాపు అనేవాళ్లం. మా బాపు, పక్క క్వార్టర్‌లో ఉండే మల్లయ్య పెద్దబాపు ఒకే గనిలో, ఒకే షిఫ్టులో పనిచేసేవారు. ఒంటినిండా మసితో వచ్చేవారికి వేడినీళ్లు కావాలి. దానికి రెండు పొయ్యిలెందుకని మా అవ్వ, మల్లయ్య భార్య శాంత పెద్దమ్మ కలిసి వాకిట్లో ఒకటే పొయ్యి పెట్టుకున్నారు.

కూత పడగానే అంటించేవారు. ముందు అన్నం, కూర... ఆ సెగ మీదే పెద్ద కాగులో నీళ్లు. పని కాగానే నిప్పుల మీద నీళ్లు చల్లి, ఆ బొగ్గును ఆరబెట్టి మళ్లీ వాడేవారు. రాలిన పొడిని కూడా మట్టితో కలిపి ముద్దలు చేసి ఎండబెట్టేవారు.

"మీ మొగోళ్లు తవ్వుడు... మీరు దాసిపెట్టుడు!" అని ఎదురింటామె ఎత్తిపొడిచేది.

"అదెట్ల బయటికొస్తదో తవ్వెటోని పెండ్లానికే ఎరుక" అనేది అవ్వ.

ఓ రోజు కూత వేళ కాని వేళ మోగింది. ఆగకుండా మోగింది... దాని అర్థం మా క్వార్టర్ల లైనులో పిల్లలకు కూడా తెలుసు. గనిలో ప్రమాదం.

అవ్వ, పెద్దమ్మ గేటు దాకా ఉరికారు. "లోపట్నుంచి ఇంక ఖబర్ రాలే. ఇండ్లకు పోండ్రి" అని కావలివాళ్లు తిప్పి పంపారు.

వస్తూనే అవ్వ పొయ్యి అంటించింది. అన్నం పెట్టలేదు. కాగు ఒక్కటే ఎక్కించింది. నీళ్లు మరిగాయి. చన్నీళ్లు పోసింది. మళ్లీ మరిగాయి... బొగ్గు ముద్దలు ఒకదాని వెంట ఒకటి పొయ్యిలోకి పోతూనే ఉన్నాయి.

"అవ్వా, బొగ్గంత అయిపోతది" అన్నాను.

"కానియ్ బిడ్డా. వాళ్లచ్చేటాళ్లకు నీళ్లు సల్లగైతే ఎట్ల?"

పెద్దమ్మ లేచి వెళ్లింది. తమ ఇంట్లోంచి బొగ్గు తట్ట తెచ్చి పొయ్యి పక్కన బోర్లించింది.

పొద్దు గుంకే వేళకు సందు చివర బాపు కనిపించాడు. ఒక్కడే.

అవ్వ లేవబోయి ఆగిపోయింది. పెద్దమ్మ బాపును చూడలేదు... ఆయన వెనక ఖాళీగా ఉన్న దారిని చూసింది.

బాపు మా దగ్గరికి రాలేదు. నేరుగా ఆమె దగ్గరికే వెళ్లాడు.

"పరేషాన్ కాకు వదినా. అన్నకు పానం మంచిగనే ఉన్నది. పై బండ కూలి కాలిరిగింది. దవాఖానల జేర్పిచ్చి వస్తున్న."

"మాట్లాడుతుండా?"

"మాట్లాడుడా! బూటు కోసి తీస్తమంటే, కొత్త బూటు కోయకుండ్రని డాక్టర్‌తోని కొట్లాడిండు."

పెద్దమ్మ నవ్వింది. నవ్వుతూనే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూలబడి ఏడ్చింది.

బాపు కాగులో సగం నీళ్లే తోడుకున్నాడు. తక్కిన సగం మల్లయ్య వంతు. అవ్వ అలవాటుగా పొయ్యి ఆర్పడానికి చెంబు తీసింది. పెద్దమ్మ ఆ చెయ్యి పట్టుకుంది.

"ఉండనియ్ చెల్లే... గీ ఒక్క పొద్దు కాలనియ్."

ఇప్పుడు మా ఇంట్లో మీట నొక్కితే నీళ్లు కాగుతాయి. అవి ఎవరి కోసం కాగుతున్నాయో పక్కింటివారికి తెలియదు... వారింట్లో ఎవరు ఇంకా రాలేదో మాకూ తెలియదు.

మీ ఇంట్లోనూ ఎంతో పొదుపుగా దాచుకున్నది ఏదో ఒకటి, ఒక్క రోజు మాత్రం వెనకాముందూ చూడకుండా ఖర్చు చేసే ఉంటారు... అదేమిటో, ఎవరి కోసమో రాయండి.