మొలకెత్తిన ఎముక

ఎముక మొలకెత్తడం మీరెప్పుడైనా చూశారా? నేను చూశాను. చూడడమేమిటి, నా స్వహస్తాలతో మొలిపించాను. ఇంతటి ఉపద్రవం తెచ్చిపెట్టిన ఘనుడు భూమ్మీద ఇంకొకడు ఉండడు. నవ్వే ఓపికుంటే నవ్వండి. నేనైతే సగం నవ్వి ఆపేస్తాను.

తొంభైల చివరి మాట. ముంచింగిపుట్టు దగ్గరి కొండ మీద పుట్టిన నేను విశాఖపట్నంలో పైచదువు వెలగబెడుతున్నాను. ఎముకలో ఉండే పదార్థంతోనే తెల్లటి పొడి చేసి, ముద్దగా కలిపి, కొలిమిలో కాల్చి, ఒళ్ళంతా చిల్లులున్న బిళ్ళలు చేయడం మా ప్రయోగశాల పని. మనిషి ఎముక ముక్క పోయిన చోట అలాంటి బిళ్ళ పెడితే, ఆ చిల్లుల్లోకి కొత్త ఎముక పాకి అల్లుకుంటుందని ఆశ. ఆశే సుమండీ! అప్పటికి మా బిళ్ళలు కుందేలు కాలిదాకా కూడా వెళ్ళలేదు.

ఆ సంగతి ఊళ్ళో చెప్పి ఏడిస్తే బాగుండేది. మా సోమన్న మావ జీలుగు కల్లు దించబోయి చెట్టు మీంచి పడ్డాడు. కాలి ఎముకలో ఒక ముక్క నుజ్జయిపోయింది. తుంటి ఎముక కాస్త తీసి అక్కడ పెడతామని, ఆలస్యమైతే కాలు దక్కదని పెద్దాసుపత్రి డాక్టరు చెప్పాడు. ఊరికి చూడ్డానికి వెళితే మావ ఇంట్లో దిగులుగా ఉన్నాడు.

"తుంటిది తీసి కాలికెడతారట్రా అల్లుడా. మరి తుంటికేటి ఎడతారు?"

నేను ఛాతీ విరిచాను. "నీకెందుకు మావా! మేవు అక్కడ సేసేది ఎముకలే గదా."

"నువ్వా? ఎముకలా? ఏటి, కుండలు సేసినట్టే?"

"అచ్చం అలాగే."

"అయితే ఆ కోతలొద్దు. నువ్వు సేసిందే ఎట్టించుకుంటాను. బేగి సెయ్యి."

ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నారు పెద్దలు. ఇక్కడ ఎముకా లేదు, కొలిమీ అంటించలేదు, సోమన్న మావ మాత్రం కాలు చాపుకుని కూర్చున్నాడు.

చిల్లుల కోసం ముద్దలో మైనపు పూసలు కలిపేవాళ్ళం. అవి అయిపోయాయి. అప్పుడు నా బుర్రలో మెరుపు మెరిసింది. సామలు కలిపితే? కొలిమిలో గింజలు కాలిపోతాయి, చిల్లులు మిగులుతాయి! అత్తనడిగాను.

"దంచిన సామలు కాసిన్ని ఇయ్యత్తా."

"దంచినియ్యేటికిరా, మావ కాలికి! ఇత్తనాలే తీసుకెల్లు. ఇటుకల పండక్కి దేవత ముందెట్టినవి" అని, మా కొండల్లో విత్తనాలకు పూజచేసే ఆ పండగ తర్వాత పోడులో చల్లడానికి దాచిన బుట్టను నా సంచిలో వంచేసింది.

"మరి నీకు జల్లడానికో?"

"మీ మావ లెగిసి నడిస్తే అదే సాలు."

విశాఖ వచ్చి ముద్దలో విత్తనాలు కలిపాను. త్వరగా ఆరితే బీటలు వారుతుందని తడి గోనె కప్పి, రోజూ భక్తిగా గోనె తడిపాను. వానాకాలం, ఉక్క. ఒక విత్తనానికి అంతకన్నా ఏం కావాలి? కొండరైతు కొడుకుని, ఆ మాట నాకు తట్టలేదు చూడండి! చదువు అంత బాగా అబ్బింది.

ఒకరోజు ప్రొఫెసరుగారు వచ్చారు. "ఏదయ్యా నీ ఎముక?"

గర్వంగా గోనె తీశాను. బిళ్ళ నిండా పాలిపోయిన మొలకలు. వేళ్ళు దిగి బిళ్ళ ముక్కచెక్కలైంది.

ఆయన వంగి చూశారు. "ఎముక ఎక్కడుంది?"

"కిందుందండి."

"ఎరువు కూడా వేశావా?"

"లేదండి. నీళ్ళే."

"సరే, కలుపు తీయించు" అని వెళ్ళిపోయారు.

ప్రయోగశాల అంతా పడీపడీ నవ్వింది. అప్పుడైనా కొండెక్కి మావకు నిజం చెప్పాల్సింది. సిగ్గేసింది. మళ్ళీ చేద్దాంలే అనుకుని, "ఇంకా ఆరుతోంది" అని కబురు పంపాను. మావ నమ్మి కూర్చున్నాడు. ఈలోగా కాలు నల్లబడింది, పెద్దాసుపత్రికి మోసుకొచ్చారు, మోకాలి కింద తీసేశారు. అడుసు తొక్కనేల కాలు కడగనేల అంటారు. అడుసు తొక్కింది నేను, కాలు పోయింది మావది.

ఆసుపత్రి మంచం పక్కన కూర్చుని, ఏడుస్తూ అంతా చెప్పేశాను. తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"అన్నీ మొలిసినాయేటిరా?" అన్నాడు మావ.

"అన్నీ మావా."

మావ అత్త వైపు తిరిగాడు. "సూసినావేటే, ఎంత మంచి ఇత్తనమో! పోడులో జల్లుంటే ఈ ఏడు గింజలకి లోటుండేది కాదు."

అత్త దుప్పటి చదునుగా పడి ఉన్న చోట సర్దింది.

కనుక పాఠక మహాశయులారా, మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ మనిషికీ ఎముక చేసిస్తానని మాట ఇవ్వను. మా సోమన్న మావ రెండు కాళ్ళ మీద లేచి నిలబడే రోజు వరకూ ఈ ప్రమాణం అమల్లో ఉంటుంది.