టీచరమ్మ కుడిచెయ్యి

మావాడి టీచరమ్మ పోయారు. మొన్న పొద్దున గచ్చిబౌలిలో ఆఫీసు బస్సు దిగుతుండగా ఆమె భర్త ఫోన్ చేశారు. "రాత్రి పండుకున్న మనిషి లేవలే సార్. బాబును ఒక్కసారి తోల్కొని రాండ్రి," అన్నారు. ఆఫీసు లోపలికి పోబుద్ధి కాలేదు. చందానగర్‌లో మా ఇంటికి తిరిగొచ్చి మావాడికి చొక్కా మార్చాను. ఎక్కడికని వాడు అడగలేదు. పదహారేళ్లొచ్చినా వాడికి మాటలు రావు.

మాటలు రానివాడితో ఆమె చేతులతో మాట్లాడేవారు. రోజూ తరగతి గుమ్మంలో రెండు అరచేతులూ చాచి నిలబడేవారు. వాడు తన అరచేతులు వాటికి ఆనించాలి. చల్లగా ఉన్నాయో, వణుకుతున్నాయో ఆమెకు తెలిసిపోయేది. "మంచిగున్నవ్. ఇగ కూసో," అంటేనే వాడు కూర్చునేవాడు. వణికిన రోజు పాఠం పక్కనబెట్టి వాడిని వరండాలో నడిపించేవారు. పిల్లలు లాగుతారని ఆమె చెవులకు కమ్మలుండవు, మెడలో గొలుసుండదు, కళ్లజోడుకు తాడు. ఒకసారి పెళ్లికి పోతూ నగలతో కనిపిస్తే మావాడు గుర్తుపట్టలేదు. అది తలుచుకుని చాన్నాళ్లు నవ్వారు.

ఆమె పాఠాలు చెప్పిన స్పెషల్ స్కూలు పక్కన ఏదో టవర్ కోసం బండలు పేల్చేవారు. పెద్ద చప్పుడంటే మావాడికి ప్రాణం మీదికొస్తుంది. తరగతిలో ఆయా మానేసి నెలలు దాటినా ఆ చోట ఎవరినీ పెట్టలేదు. ఇంకో మనిషి కావాలని ఆమె అడుగుతూనే ఉన్నారు, చూద్దామని స్కూలువాళ్లు అంటూనే ఉన్నారు. ఒకరోజు మధ్యాహ్నం పేలుడు వినగానే మావాడు మెట్ల వైపు పరిగెత్తాడు. పడిపోతాడని ఆమె అడ్డం నిలబడ్డారు. వాడు తోశాడు. ఆమె మెట్ల మీంచి దొర్లారు. భుజం విరిగింది. ఆపరేషన్ చేసినా కుడిచెయ్యి మళ్లీ సరిగ్గా లేవలేదు.

తర్వాత స్కూలు యజమాని మమ్మల్నీ ఆమెనూ పిలిపించి కూర్చోబెట్టాడు. చాలా మర్యాదగా మాట్లాడాడు. నాకు ఒళ్లు మండింది ఆ మర్యాదకే. కాలుజారి పడ్డానని ఆమె ఒప్పుకోవాలట. లేదంటే, తోసింది మావాడు కాబట్టి వైద్యం ఖర్చు మేం భరించి వాడిని తీసుకుపోవాలట. ఎటు చూసినా స్కూలు తప్పు మాత్రం లేదు. చెయ్యి మెడకు కట్టుకుని కూర్చున్న ఆమె గొంతు పెంచలేదు.

"బాబు నూకిండు సార్, నేను అబద్ధమాడ. గని చప్పుడైతే వాడు బెదురుతడని మీకు తెల్సు. ఇంకో మనిషి కావాలని మీకు తెల్సు. ఆడ నన్నొక్కదాన్నే నిలబెట్టింది మీరు. నా చెయ్యికి జవాబు మీరు చెప్పాలె, పిల్లగాడు కాదు."

ఆ మాటకు ఆమె ఉద్యోగం పోయింది, మావాడి సీటూ పోయింది. అయినా నా కొడుకు మీద నేరం పడకుండా ఆపిన మనిషి ఈ ఊళ్లో ఆమె ఒక్కరే. బతికినన్నాళ్లూ ఆమెకు దణ్ణం పెట్టుకుంటాను.

చేతికి నష్టపరిహారం కోసం ఆమె లేబర్ ఆఫీసుకెక్కారు. వాయిదా మీద వాయిదా. పిల్లాడు చేసినదానికి స్కూలుకేం సంబంధమని వాళ్ల వకీలు ప్రతిసారీ అదే పాట. సాక్షిగా నేనూ పోయేవాణ్ణి. బయటికొచ్చి తిట్టిపోస్తుంటే, కోపమంతా ఇయ్యాలనే ఖర్చు చెయ్యకండ్రి, ఇంకా మస్తు వాయిదాలున్నయని చాయ్ తాగించేవారు. పిల్లల మీద కోపమొచ్చిన్నాడు ఈ పని ఇడిసిపెట్టాలె అనేవారు. మావాడి మీద ఆమెకు ఒక్కనాడూ రాలేదు.

హఫీజ్‌పేట్‌లో తన ఇంటి ముందుగదిలోనే వాడికి చదువు సాగించారు. మొదటిరోజు గుమ్మంలో ఎడమచెయ్యి ఒక్కటే చాచారు. వాడు కాసేపు చూసి, వేలాడుతున్న కుడిచేతిని తనే మెల్లగా ఎత్తి తన అరచేతికి ఆనించుకున్నాడు. నొప్పికి ఆమె పెదవి కొరుక్కున్నారు, వద్దనలేదు. ఇక రోజూ అంతే. ఆమె ముఖం మారే చోట వాడు ఎత్తడం ఆపేవాడు.

మొన్న అదే గదిలో ఆమెను ఫ్రీజర్ బాక్స్‌లో పడుకోబెట్టారు. స్కూలు నుంచి పెద్ద దండ వచ్చింది, మనిషెవరూ రాలేదు. కేసు తేలలేదు. వచ్చే వాయిదాకు ఆమె భర్తతో నేనూ పోతాను. జవాబు వస్తుందో రాదో, వినడానికి ఆమె లేరు.

మావాడు బాక్స్ దగ్గరికి పోయి రెండు అరచేతులూ అద్దానికి ఆనించాడు. జనం వస్తున్నారు, పోతున్నారు. వాడు కదలడు. పక్కకు తీసుకురాబోతే చేతులు ఇంకా గట్టిగా అదిమాడు. చివరికి నేనే, ఆమె అన్నట్టుగా, "మంచిగున్నవ్. ఇగ కూసో," అన్నాను. వాడు నా వైపు చూడలేదు. అద్దం కింద ఆమె కుడిచేతినే చూస్తూ అలాగే నిలబడ్డాడు.