పిన్ని టెలిఫోను కుర్చీ

మా పిన్ని ఆసుపత్రిలో టెలిఫోను ఆపరేటరు. మెట్ల కింద కిటికీ లేని చిన్న గది, ఓ పక్కకు వంగిన కుర్చీ. బాబాయి పోయాక ఇల్లు గడిచింది ఆ కుర్చీ మీదే. ఫోను ఎత్తగానే "ఆసుపత్రేనండీ, చెప్పండి" అనేది. అవతల ఏడుస్తున్నవాళ్ళు కూడా ఆ గొంతు విని కాస్త కుదుటపడి, పేషెంటు పేరు చెప్పేవాళ్ళు.

అది కొత్త మేనేజరుకు నచ్చలేదు. ఎవరు ఫోను చేసినా ముందు ఇంగ్లీషే వినపడాలన్నాడు. పరీక్ష పెడతానని, తప్పినవాళ్ళను నేలమాళిగలో దుప్పట్లు మడతపెట్టే పనికి పంపుతానని చెప్పాడు. ఆసుపత్రికి కావాల్సింది మందులా, దర్జానా?

పిన్ని మొండిది. కూరగాయలు తరుగుతూ కూతురికి పాఠం అప్పజెప్పేది. 'హ్యాపీ' తర్వాత 'టు హెల్ప్' అనాలట, 'బిజీ' తర్వాత మాత్రం 'హెల్పింగ్' అనాలట. 'సారీ'కైతే రెండు దారులూ ఉన్నాయట.

"సంతోషానికో తోక, పనికో తోక. ఎవరు తగిలించారే వీటికి?" అని కూతుర్ని కసిరేది. అయినా వదల్లేదు. పరీక్షలో అందరికంటే ఎక్కువ మార్కులు ఆమెకే వచ్చాయి.

మర్నాటి నుంచి "హ్యాపీ టు హెల్ప్ యూ" మొదలైంది. ఒకామె ఫోను చేసి, అది వినగానే పెట్టేసింది. మళ్ళీ చేసి, మళ్ళీ పెట్టేసింది. వెక్కిళ్ళు పిన్నికి వినపడుతూనే ఉన్నాయి. మూడోసారి మోగగానే "ఆసుపత్రేనమ్మా, పెట్టేయకు, చెప్పు" అంది. ఆమె కొడుకును పొద్దున ఆపరేషనుకు తీసుకెళ్ళారు. పిల్లాడు ఎలా ఉన్నాడని అడగడానికి కన్నతల్లి ఇంగ్లీషు నేర్చుకుని రావాలా? తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఫోన్లన్నీ రికార్డవుతాయి. మేనేజరు పిన్నిని పిలిపించి, ఇంగ్లీషులో క్షమాపణ రాసిస్తే కుర్చీ ఉంటుందన్నాడు. తెల్లకాగితం ముందుకు తోశాడు. పిన్ని పెన్ను పట్టుకుని అలాగే కూర్చుంది. రాయడం రాక ఆగిందనుకుని, 'ఐ యామ్ సారీ' అని అందించాడు.

"ఆ తర్వాత ఏం రావాలో నాకు తెలుసండీ. రెండు రకాలుగానూ రాయగలను. కానీ నేను తప్పు చేశానని నాకు అనిపించడం లేదు" అంది పిన్ని.

ఇప్పుడు నేలమాళిగలో దుప్పట్లు మడతపెడుతోంది. ఆ గది సరిగ్గా పాత గది కిందే ఉంది. బాధగా లేదా పిన్నీ అని అడిగితే, ఎందుకు లేదూ అంది. పైన ఫోను మోగి, ఆగి, వెంటనే మళ్ళీ మోగితే ఆమె చేతిలో దుప్పటి సగం మడతలోనే ఆగిపోతుందట.