పేర్లు మార్చుకునే రోడ్డు మీద రావు గారింటికి

వర్జీనియాలో ఫెయిర్‌ఫాక్స్ కౌంటీని ఒక్క రోజులో చూడాలంటే ఏ దారి మంచిదని అడిగేవాళ్ళకి నేను చెప్పేది ఒకటే, రూట్ 123 పట్టుకుని ఉత్తరం నుంచి దక్షిణానికి పొండి. ఎనభైల మొదట్లో నేనా దారిన మొదటిసారి వెళ్ళింది నిండు కడుపుతో. అమ్మకి వీసా రాలేదు. పురిటికి పక్కనుండే ఆడదిక్కు లేక బెంగపడిపోయాను. కొత్త ఊళ్ళో దిగగానే ఫోన్ డైరెక్టరీ తెరిచి రావులూ రెడ్లూ ఎక్కడున్నారో వెతకడం అప్పట్లో మనవాళ్ళ అలవాటు. మా ఆయన అలాగే కౌంటీకి ఆ చివర ఒక రావు గారిని పట్టారు. ఇద్దరూ ఇంగ్లీషులోనే మాట్లాడుకున్నారు. ఆదివారం భోజనానికి రమ్మన్నారట. "వాళ్ళావిణ్ణి నీకు సాయం ఉండమని అడుగుదాంలే" అన్నారు మా ఆయన. నాకు ప్రాణం లేచివచ్చింది.

టైసన్స్ దగ్గర మా అపార్ట్‌మెంట్ నుంచి పొద్దున తొమ్మిదింటికి బయలుదేరాం. అయిదు డాలర్ల గ్యాస్, అదే పెట్రోలు, పోయిస్తే రానూపోనూ సరిపోయింది. మా దగ్గర ఈ 123కి ఉన్న చెయిన్ బ్రిడ్జ్ రోడ్డన్న పేరు వియన్నా అనే ఊరు రాగానే మేపుల్ ఎవెన్యూ అయిపోయింది. మా ఆయన కంగారుపడి రెండుసార్లు వెనక్కి తిప్పారు. చివరికి గ్యాస్ స్టేషన్‌లో ఒక పెద్దాయన్ని అడిగితే, "మీరు సరైన రోడ్డు మీదే ఉన్నారు. ముందుకెళ్తే ఇదే ఆక్స్ రోడ్ అవుతుంది, భయపడకండి" అన్నాడు. ఫెయిర్‌ఫాక్స్ పాత కోర్టు, యూనివర్సిటీ దాటాక రోడ్డు సన్నబడింది. తెల్ల కంచెల వెనక గుర్రాలు, అడవి, బర్క్ లేక్. ఇంత పల్లెటూరు మా పక్కనే ఉందని అప్పటిదాకా తెలియదు.

తలుపు తీసిన రావు గారి భార్య శారదక్క లోపలికి రమ్మంటూ "బన్ని, బన్ని" అంది. రావు గనక తెలుగువాడే అనుకున్నాం, వాళ్ళు కన్నడం వాళ్ళు. రావు గారికి మాత్రం అనంతపురంలో ఉద్యోగం చేసిన పుణ్యాన కాస్త తెలుగు వచ్చు. కడుపునిండా పెట్టారు. మా ఆయన రోడ్ల గురించి మాట్లాడారు, ఇళ్ళ గురించి మాట్లాడారు, అసలు సంగతి మాత్రం ఎత్తరు. కళ్ళతో సైగ చేస్తే, "భాష కూడా కలవని వాళ్ళని ఏమని అడగను" అని గొణిగారు. మొహమాటానికి పోతే కడుపొచ్చిందని సామెత. నాకేమో కడుపొచ్చాక ఈయన మొహమాటం అడ్డొచ్చింది.

సెలవు తీసుకుని కారెక్కేదాన్ని, ఆగిపోయాను. ఇంకెవరున్నారు నాకు? "అక్కా, పురిటికి నా దగ్గరుంటారా?" అనేశాను. రావు గారు కన్నడంలో చెప్పారు. ఆవిడ గిరుక్కున తిరిగి లోపలికి వెళ్ళిపోయింది. మా ఆయన తల దించుకున్నారు. ఇంతలో ఆవిడ చేతిసంచీ, కారు తాళాలతో బయటికొచ్చింది. రావు గారు నవ్వారు.

"మీ వెనకే వస్తాదంట. ఈ రోడ్డు పేర్లు మార్తాది కదా, నొప్పులొచ్చిన రోజు తడుముకోకుండా ఇప్పుడే దారి చూసుకుంటాదంట."

ఇంటిదాకా మా వెనకే వచ్చింది. నేను వెనక్కి తిరిగి ఆ ఆకుపచ్చ కారునే చూస్తూ ఏడ్చాను.

ఇప్పుడా రోడ్డు వెడల్పయింది, గుర్రాలు తగ్గాయి, దారంతా ఫోనే చెబుతుంది. సుఖమే, కాదనను. కానీ దారి నేర్చుకోవడానికి ఒకళ్ళ వెనక ఒకళ్ళు వెళ్ళిన ఆ రోజుల మీద నాకు బెంగ తీరదు. మీరు వెళ్తే ఆదివారం పొద్దున్నే బయలుదేరండి, బర్క్ లేక్ దగ్గర కాసేపు ఆగండి. ఎవరింటికైనా పనిమీద వెళ్తుంటే మాత్రం, వచ్చిన పని భోజనానికి ముందే చెప్పేయండి. నేను కారు దగ్గరైనా నోరు తెరిచాను కాబట్టి, శారదక్క మా బాత్‌టబ్‌లో కాళ్ళు చాపుకు కూర్చుని, వాటి మీద పడుకోబెట్టుకుని, నా కూతురికి మొదటిసారి లాలపోసింది.