గట్టు మీద పడిన మినుములు

బీరువా కింది అర తెరిచినప్పుడల్లా ఎండిన వేపాకు, కర్పూరం, పాత గుడ్డ అట్ట కలిసిన వాసన ఒకటి మెల్లగా పైకి లేచి, రాజమండ్రిలో మూడో అంతస్తులో ఉన్న మా ఇంటిని కాసేపు ఎక్కడికో తీసుకుపోతుంది. అది మా అమ్మ తండ్రి, మా తాతయ్య బైబిలు వాసన. పురుగు పట్టకుండా ఆయన పేజీల మధ్య వేపరెమ్మలు పెట్టేవారు. ఏ రెమ్మ ఏ పేజీలో ఉందో ఆయనకు కంఠతా వచ్చు. సెలవులకు వెళ్ళిన నేను ఒకటి తీసి ఇంకోచోట పెడితే, మర్నాడు ఏమీ అనకుండా దాన్ని మళ్ళీ దాని చోట పెట్టేసేవారు.

ద్రాక్షారామం వెళ్ళే దారిలో, కాలువ దాటాక వచ్చేది మా అమ్మమ్మగారి ఊరు. తాతయ్య పాస్టర్లకు చదువు చెప్పే బడిలో నలభై ఏళ్ళు పనిచేసి, రిటైరయ్యాక అక్కడే స్థిరపడ్డారు. డిసెంబరు నెల పొద్దుటి వేళల్లో కాలువ మీంచి మంచు లేచి వీధిలోకి వచ్చేది. వంటింట్లో క్రిస్మస్ కోసం అమ్మమ్మ కజ్జికాయలు, గులాబీ పువ్వులు వండుతుంటే నూనె వాసనా బెల్లం వాసనా ఆ మంచులో చిక్కుకుని మధ్యాహ్నం దాకా పోయేవి కావు. ఆ వాసనల మధ్య, వసారాలో నులకమంచం నిండా అయిదారు పుస్తకాలు ఒకేసారి తెరిచి పెట్టుకుని, ఒక్క మాట కోసం పూటంతా వెతుక్కుంటూ కూర్చునేవారు తాతయ్య. బైబిలు మూలంలోని గ్రీకు అక్షరాలు నాకు విరిగిన జంతిక ముక్కల్లా కనిపించేవి. ఆయన వాటిని వేలితో తడుముతూ నవ్వుకునేవారు. పుస్తకం చూసి ఎందుకు నవ్వుతారో నాకు అర్థమయ్యేది కాదు.

అమ్మమ్మకు ఆ చదువంటే ముద్దూ ఉండేది, విసుగూ ఉండేది. నలభై ఏళ్ళ నుంచి ఒకటే పుస్తకం చదువుతూ ఇంకా పూర్తిచేయని మేష్టారు లోకంలో ఈయనొక్కరే అని ఇంటికొచ్చిన వాళ్ళందరికీ చెప్పేది. ఒకసారి నేనూ అడిగాను, చదివిందే మళ్ళీ ఎందుకు చదువుతారని. ఆయన కళ్ళజోడు తుడుచుకుంటూ, "ఇంకొకళ్ళకి చెప్పాలంటే మళ్ళీ చదవాలి కదమ్మా. చెప్పిన ప్రతిసారీ నాకు తెలీనిది ఒకటి బయటపడుద్ది. అది భలే బాగుంటది" అన్నారు. తెలియనిది బయటపడితే బాగుండడమేమిటో! మా బళ్ళో అయితే దెబ్బలు పడేవి.

ఆయన చెప్పడమంటే ఆదివారం మధ్యాహ్నం చర్చి పక్క గదిలో జరిగే బైబిలు క్లాసే. ఓ పాతికమంది వచ్చేవారు. టీచర్లు, ఒకరిద్దరు గుమాస్తాలు, ఎక్కువమంది పొలం పనివాళ్ళు. రావులపాలెం నుంచి బస్సులో వచ్చే ఒకాయన ప్రతివారం ఓ అత్తం చక్కెరకేళీ అరటిపళ్ళు తెచ్చేవాడు. గుమ్మం పక్కన గోడకు ఆనుకుని యాకోబు మావయ్య కూర్చునేవాడు. ఊళ్ళో రైతులందరి చేలల్లో కూలికి వెళ్ళేవాడు, చదువు రాదు, నోరు విప్పేవాడు కాదు. తొక్కుడుబిళ్ళ మానుకుని వెళ్ళే పిల్లని నేనొక్కదాన్నే. ఆ గది చల్లదనమూ, అరటిపండ్ల వాసనా, తాతయ్య గొంతూ కలిసి నాకు సగం నిద్రా సగం కలా అయ్యేవి.

ఆ ఏడు ఆయన బైబిల్లో యేసు చెప్పిన, విత్తనాలు చల్లే రైతు కథ చెబుతున్నారు. కొన్ని గింజలు దారిన పడి పిట్టల పాలవడం, కొన్ని రాతినేలన పడటం, కొన్ని ముళ్ళపొదల్లో పడటం, కొన్ని మంచి నేలన పడి పండటం, అంతే కథ. దాన్ని ఆయన మూడు ఆదివారాలు చెప్పినా మొదటి గింజ దగ్గరే ఉన్నారు. ఇంత నెమ్మదైతే ఎలా అని చర్చి కమిటీలో మాట వచ్చిందట. క్లాసు ఆయన దగ్గరే ఉంచాలో, కొత్తగా వచ్చిన కుర్ర ప్రసంగీకుడికి ఇవ్వాలో తేల్చడానికి సంఘ పెద్ద రత్నంగారు నాలుగో ఆదివారం స్వయంగా వచ్చి ముందు వరసలో కూర్చున్నారు. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. తాతయ్యకు ఆ క్లాసు లేకపోతే ఆదివారమే లేదనీ తెలుసు.

అన్నీ తెలిసిన నేనే అడిగాను. "తాతయ్యా, వడ్లు ఆకుమడిలో పోసి, నారు తీసి నాటుతారు కదా. ఆయన దారి మీదెందుకు పోశాడు?"

గదిలో నవ్వులు లేచాయి. తాతయ్య నవ్వలేదు. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"నాకు తెలీదమ్మా" అన్నారు.

రత్నంగారు లేచి వెళ్ళిపోయారు. నలభై ఏళ్ళు చెప్పి, ఇంతమందిలో చిన్నపిల్లకి తెలీదన్నవాడు ఇక మనకేం చెబుతాడని బయట అన్నారట. కొత్త సంవత్సరం నుంచి క్లాసు కుర్రవాడిదని సాయంత్రానికల్లా కబురొచ్చింది. అమ్మమ్మ నన్ను ఒక్క మాటా అనలేదు. అనుంటే బాగుండేది.

తాతయ్యకు మాత్రం క్లాసు పోయిందన్న దిగులు కన్నా ఆ గింజ బెంగే ఎక్కువగా ఉంది. ఉన్న పుస్తకాలన్నీ రెండు రోజులు తిరగేశారు. విత్తినవాడికి లేని బాధ మీకెందుకండీ, కందకి లేని దురద కత్తిపీటకెందుకు అని అమ్మమ్మ పోరు పెడితే, నన్ను వెంటబెట్టుకుని పొలాల వైపు నడకకి బయల్దేరారు. కోతకొచ్చిన వరిచేలు మంచులో ఒరిగి ఉన్నాయి. ఒక మడిలో, నడుము దాకా పైరులో మునిగి, యాకోబు మావయ్య ఒడిలోంచి మినుములు తీసి చల్లుతున్నాడు. మా వైపు కోతకు రెండు రోజుల ముందు, నిలబడి ఉన్న చేలోనే తడినేల మీద మినుములు చల్లేస్తారు. వరి కోసేసరికి అవి మొలకెత్తి ఉంటాయి. ఆ చేయి అర్ధచంద్రంలా తిరిగినప్పుడల్లా గింజలు సన్నని వానలా పడుతున్నాయి. కొన్ని వచ్చి గట్టు మీద మా కాళ్ళ దగ్గర పడ్డాయి.

తాతయ్య వంగి ఒక గింజ ఏరారు. అరచేతిలో పెట్టుకుని చూశారు. గట్టు మీద పడితే దండగే కదా యాకోబూ అని అడిగారు.

"దండగేనండి. కానీ గట్టు మీద పడకూడదని చెయ్యి బిగబట్టామనుకోండి, మడి అంచంతా ఖాళీగా ఉండిపోద్దండి. అంచు దాకా పంట రావాలంటే నాలుగు గింజలు గట్టు మీద పోవాలండి."

తాతయ్య పంచె తడిసేదీ చూసుకోకుండా ఆ గట్టు మీద కూలబడ్డారు. ఇన్నేళ్ళుగా క్లాసుకొస్తున్నావు, ఈ మాట ఎప్పుడూ చెప్పలేదేంటయ్యా అన్నారు.

"మీరెప్పుడూ అడగలేదు కదండీ" అన్నాడు యాకోబు మావయ్య, అందులో నిష్ఠూరమేమీ లేకుండా. మళ్ళీ చల్లుకుంటూ పోయాడు.

పెరటి చెట్టు వైద్యానికి పనికి రాదంటారు. విత్తేవాళ్ళను ఎదురుగా కూర్చోబెట్టుకుని, విత్తేవాడి కథ వాళ్ళకే చెబుతూ, వాళ్ళను ఒక్క మాట అడగకుండా గడిపేసిన పెద్దమనిషి మా తాతయ్య. ఆఖరి క్లాసులో ఆయన ఆ మాటే ఒప్పుకున్నారు. ఇన్నాళ్ళూ నేల గురించే మాట్లాడాననీ, విత్తే చేతి గురించి ఎన్నడూ ఆలోచించలేదనీ, గట్టునూ దారినీ లెక్కచేయకుండా అంచు దాకా చల్లే చెయ్యి అదని యాకోబు నేర్పాడనీ చెప్పారు. యాకోబు మావయ్యను ముందుకు రమ్మంటే రాలేదు. తలవంచుకుని గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. రత్నంగారి నిర్ణయం మాత్రం మారలేదు.

ఇంటికి నడిచి వస్తుంటే కాలువ వంతెన మీద నాకు ఏడుపాగలేదు. నావల్లే కదా పోయిందన్నాను. తాతయ్య ఆగి, తన కండువాతో నా ముక్కు తుడిచారు.

"ఆ రోజు నువ్వడక్కపోతే, నేను అన్నీ తెలిసినవాడిలాగే చచ్చిపోయేవాణ్ణి తల్లీ" అన్నారు.

కొత్త సంవత్సరం మొదటి ఆదివారం ఆయన మళ్ళీ అదే గదికి వెళ్ళారు. యాకోబు మావయ్య పక్కన, గోడకు ఆనుకుని కూర్చుని నోటుపుస్తకం తెరిచారు. పోయేదాకా ఆ గుమ్మం పక్కనే చదువుకున్నారు. నేను ఆయనను అంత సంతోషంగా ఎన్నడూ చూడలేదు.

మొన్న డిసెంబరులో ఆ ఊరు వెళ్ళాను. చేలల్లో కోత మిషన్లు తిరుగుతున్నాయి, గట్లు సన్నబడి మనిషి నడవడానికి వీల్లేకుండా ఉన్నాయి, యాకోబు మావయ్య పోయి చాలా ఏళ్ళయిందట. చర్చి పక్క గదికి ఏసీ పెట్టారు, గోడకు పెద్ద తెర, చేతికి మైకు. చక్కటి మాటకారి కుర్రాడు అదే కథకు నాలుగు అర్థాలు చెప్పాడు, జనం ఫోన్లెత్తి ఫోటోలు తీసుకున్నారు. తప్పేమీ చెప్పలేదు, పాపం. అన్నీ తెలిసి చెప్పాడు. నేను గుమ్మం పక్కన గోడకు ఆనుకుని గంటన్నర కూర్చున్నాను. అంతసేపట్లో ఎవరూ ఎవరినీ ఏమీ అడగలేదు. తెలీదన్నవాళ్ళూ లేరు.