ఎర్విన్ ఇనుప పలక

కాన్సస్‌లో మా ఊరి బయట, గోధుమ పొలాల మధ్య ఎత్తుగా మట్టికట్ట పోసి కట్టుకున్న తుపాకుల షూటింగ్ రేంజి ఒకటుంది. దాన్ని చూసుకునేది గార్లండ్ ప్రూయిట్. ధాన్యం గోదాములో పనిచేసి రిటైరయ్యాడు. ఆదివారం మా చర్చిలో కానుకల పళ్లెం తిప్పేదీ ఆయనే. ఆ పళ్లెం పట్టుకున్నంత శ్రద్ధగా శనివారం పొద్దున్నే ఇనుప టార్గెట్లను తుడుస్తాడు.

మావాళ్లకు కాగితపు టార్గెట్లకంటే ఇనుప పలకలంటేనే ఇష్టం. తూటా తగిలితే ఊగుతాయి, మోగుతాయి; తగిలిందో లేదో నడిచి వెళ్లి చూసుకోనక్కర్లేదు. తూటా తగలగానే పేలే పొడి నింపిన టార్గెట్లను ఎండాకాలంలో తేవద్దని గేటుకు బోర్డు ఉంది, పంట అంటుకుంటుందని. ఇనుము విషయంలో గార్లండ్ పట్టుబట్టేవి రెండు. దగ్గరనుంచి కాల్చకూడదు. గుంట పడిన పలకను వాడకూడదు. నున్నటి పలకమీద తూటా చితికి పక్కలకు పోతుంది. గుంటలో పడితే ఆ ముక్కలు కాల్చినవాడి మొహంమీదికే రావచ్చు.

వరసలో చివరి పలకను వేలాడదీసింది ఎర్విన్ ష్లేగెల్. ఆయన పోయి కొన్నేళ్లయింది. భార్య ఓపల్ ఇల్లు రేంజికి పక్కన, రోడ్డుకు అవతల. శనివారాల్లో వరండాలో కూర్చుని చిక్కుళ్లు ఒలుచుకుంటూ ఆవిడ ఆ మోత వింటుంది. మిగతా పలకలు ఠంగుమని ఆగిపోతే, ఎర్విన్ పలక మోత గంటలా సాగుతుంది. "మా ఆయనింకా ఇంటికి బయల్దేరలేదు, అక్కడే ఉన్నాడు" అని నవ్వుతుంది.

ఆగస్టులో ఒక శనివారం ఆ పలకను తుడుస్తూ గార్లండ్ చెయ్యి ఆపాడు. తెల్లరంగు కొత్తగా ఉంది. రంగు కింద వెల్డింగ్ బొడిపెలు వేళ్లకు తగిలాయి. ట్రాక్టర్లు బాగుచేసే డ్వేన్ వైపు తిరిగాడు.

"ఇది నీ పనేనా?"

"నాదే. గుంటలు పడ్డాయిగా, పూడ్చా. నీ కంటబడితే దించేస్తావని రంగు కూడా కొట్టా."

"మంట తగిలితే దాని గట్టిదనం పోతుందిరా బాబూ. ఇప్పుడిది వెన్నముద్ద. తగిలిన ప్రతి తూటాకీ గుంట పడుతుంది."

"అబ్బ, పుట్టినప్పుడే ఆ గేటు బోర్డు మెడలో వేసుకుని పుట్టావురా నువ్వు! ఓపలక్క కోసం చేశాను. ఈ ఒక్క పలకా వదిలెయ్యలేవూ?"

"ముక్క తిరిగొచ్చి నీ కన్ను పోతే, నీ పెళ్లానికి ఏం చెప్పమంటావు?"

డ్వేన్ తల గోక్కున్నాడు. "సరే, మరి ఓపలక్కకి ఏం చెప్తావు?"

గార్లండ్ పలక దించి, పికప్ ట్రక్కులో పాత దుప్పటిమీద పడుకోబెట్టి, రోడ్డు దాటాడు. చిక్కుళ్ల గిన్నె పక్కన పెట్టి ఓపల్ మెట్లమీదే నిలబడి ఉంది.

"ఇవాళ మా ఆయన మాట్లాడట్లేదేం గార్లండ్?"

ఆయన టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. "నేనే దించానక్కా. గుంటలు పడ్డాయి. ఎవరికైనా దెబ్బ తగులుతుంది."

ఓపల్ మెట్లు దిగి ట్రక్కులోకి తొంగిచూసింది. "నాకు మిగిలిన చప్పుడు అదొక్కటేనయ్యా."

"తెలుసక్కా. ఎర్విన్ ఉంటే నాకంటే ముందే దించేవాడు."

"ఏం కాదు. ముందు నీతో ఇంత పోట్లాట పెట్టుకునేవాడు, తరవాత దించేవాడు." ఆవిడ వంటకు కట్టుకున్న ఏప్రన్ అంచుతో కళ్లు తుడుచుకుంది. "ఎండలో నిలబడతావేం, లోపలికి రా. పీచ్ పళ్ల తీపి 'పై' చేశాను, తిందువుగాని."

ఆయన తింటుండగానే డ్వేన్ గొలుసు, కొక్కెం పట్టుకుని వచ్చాడు. క్షమించమని అనలేదు గానీ, వరండా దూలానికి పలకను తనే వేలాడదీశాడు. ఓపల్ చెక్క సుత్తితో కొట్టి చూసింది. మోత కాస్త మొద్దుబారింది. డ్వేన్ మొహం వాడిపోయింది.

"పోన్లే నాయనా, వయసు మీదపడితే ఎవరి గొంతైనా అంతే" అంది ఆవిడ, అతని పళ్లెంలో పెద్దముక్క వేస్తూ.

రేంజిలో ఎర్విన్ చోట ఇప్పుడు కొత్త పలక ఉంది. డ్వేన్ కొన్నాడు, దానికి వెల్డింగ్ తగలనివ్వడు. శనివారం మధ్యాహ్నం అందరికీ వంటయ్యాక ఓపల్ తన వరండాలో పలక కొడుతుంది. అది వినగానే గార్లండ్ తుపాకులన్నీ కింద పెట్టించి, ఖాళీగా ఉన్నాయో లేదో ఒక్కొక్కటీ చూసి, "పదండ్రా, ఎర్విన్ భోజనానికి పిలుస్తున్నాడు" అంటాడు.