మాకంటే ముందు వేలూరు చేరినవాడు

దయ్యాల మాట ఎత్తితే పకపకా నవ్వేవాళ్ళలో నేను మొదటివాణ్ణి. గుడియాతంలో మా వీధి చివర తెల్లచీర కట్టుకున్న మనిషి కనిపించిందని ఎవరో చెబితే, అక్కడ చాకళ్ళు బట్టలు ఆరేస్తారు కదా అని నలుగురి ముందూ వెక్కిరించాను. ఇంట్లో నాలుగు మగ్గాలు, పెరట్లో రంగు తొట్లు, పొద్దున లేస్తే వాటితోనే సరిపోయేది. కాబట్టి ఇది ఎవరినీ నమ్మించడానికి రాయడం లేదు. జరిగింది జరిగినట్టు ఒకచోట పెడితే తప్ప నా మనసు కుదుటపడేలా లేదు.

అప్పటికి జర్మనీ యుద్ధం ఇంకా రాలేదు. ఆ ఏడు వానల్లో మా అబ్బాయి మునిరత్నం విషజ్వరంతో పోయాడు. వాడికి పదిహేడేళ్ళు. వాడి చెల్లెలు రాజమ్మకు పద్నాలుగు. అన్న పోయిన నాటి నుంచి ఆ పిల్ల అన్నం ముట్టడం మానేసింది. బతిమాలితే నాలుగు గుక్కల గంజి తాగేది. మాఘమాసం వచ్చేసరికి చేతి గాజులు మోచేతి దాకా జారిపోతున్నాయి. నా భార్య కనకమ్మ మొక్కని దేవుడు లేడు. నేను తేని మందు లేదు. ఒక బిడ్డను పోగొట్టుకున్నాం, రెండో బిడ్డ కళ్ళ ముందే కరిగిపోతోంది. ఆ భయం ఎట్లాంటిదో చెప్పడం నా వల్ల కాదు.

నెలకొకసారి వేలూరు నుంచి ఒక డాక్టరమ్మ మా ఊరికి వచ్చేది. ఆమె పిల్ల నాడి చూసి, కళ్ళు చూసి, మందేమీ ఇవ్వలేదు. కొన్నాళ్ళు వేరే ఊరికి తీసుకుపొమ్మంది. గుళ్ళూ మొక్కులూ వద్దు, బంధువుల ఇళ్ళు అసలే వద్దు, ఊరికే హాయిగా ఉండనివ్వండి అంది.

ఊరికే ఉండటానికి పక్క ఊరికి పోవడమనేది మా వాళ్ళెవరూ విననిది. వేలూరికి పోతున్నామంటే ఒకరు కోర్టు పనా అన్నారు, ఒకరు ఆస్పత్రికా అన్నారు. పని లేదంటే నమ్మలేదు. ఏడాది తిరక్కుండానే షికారేమిటని మా అక్క ఒక రోజంతా సణిగింది.

నాకేమో ఊరికే ఉండటం చేతకాదు. కాగితం తీసుకుని హాయిగా గడపడానికి కూడా పట్టీ రాశాను. సోమవారం పొద్దున కోట, సాయంత్రం అంగడి వీధి, మంగళవారం పాలారు ఇసుకలో నడక, బుధవారం ఇంకేదో. కనకమ్మ ఆ పట్టీ చదివించుకుని విని, "ఇది హాయా? కోర్టు వాయిదాల మాదిరి ఉండాది," అంది. రాజమ్మ మాత్రం చాలా రోజుల తర్వాత నోరు విప్పింది.

"నాయనా, ఒక్క దినమన్నా ఏమీ చెయ్యకుండా ఉండొచ్చా?"

ఆ పట్టీ అక్కడే చింపేశాను.

అయ్యవారు పంచాంగం చూసి గురువారం పొద్దున మంచి గడియ ఉందన్నాడు. కానీ మగ్గం మీద ఉన్న బట్ట శనివారం దాకా దిగదు. ఇట్లాంటప్పుడు మా వైపు పరస్థానం పెడతారు. ప్రయాణం చేసేవాళ్ళ బట్ట ఒక్కొక్కటి, పిడికెడు బియ్యం, ఒక పసుపు కొమ్ము మూటగట్టి, ఆ మంచి గడియలోనే పోవలసిన దిక్కున ఉన్న పొరుగింట్లో పెట్టి వస్తారు. మూడు రోజుల లోపల ఆ మూట తీసుకుని కదలాలి. మూట గడప దాటితే మనుషులు బయలుదేరినట్టే లెక్క. తూర్పింటి నాగమ్మత్త ఇంట్లో మూట పెట్టివచ్చాం. కట్టింది కనకమ్మ, మోసింది నేను.

ఆదివారం ఆ మూట తీసుకుని రైలెక్కి కాట్పాడిలో దిగాం. అక్కడి నుంచి జట్కాలో పాలారు దాటి వేలూరు చేరేసరికి మిట్టమధ్యాహ్నం. బస బాలమ్మ అనే ఆమె ఇంట్లో. ఆమె కూడా తెలుగు మనిషే, భర్త లేడు, ముందు గదిని అద్దెకిచ్చి భోజనం పెట్టేది. నాకు తెలిసిన నూలు షావుకారు ఆ గది కుదిర్చాడు. ఆమెను మేము అంతకుముందు ఎన్నడూ చూడలేదు.

జట్కా దిగగానే బాలమ్మ నవ్వుతూ ఎదురొచ్చింది.

"రాండమ్మా, రాండి. బేస్తవారం నించి చూస్తా ఉండాను. ఇన్ని దినాలా వచ్చేది? మీ పిల్లోడు యాడ, వెనకాల వస్తా ఉండాడా?"

ఏ పిల్లోడని అడిగాను.

"అదేందప్పా, మీ పెద్దోడే. బేస్తవారం పొద్దున వచ్చినాడు గదా. మావాళ్ళు వెనకాల వస్తా ఉండారు, రూము చూసిపోదామని వచ్చినా అన్నాడు. చెల్లెలికి కిటికీ పక్కన చాప వెయ్యమన్నాడు. మంచి తంబి. నీళ్ళు ఇస్తే తాగలే."

గురువారం పొద్దున మేమింకా గుడియాతంలోనే ఉన్నాం, ఇల్లు పొరబడిందేమో అనుకున్నాను. మాది ఏ ఊరని చెప్పాడంటే గుడియాతం అంది. ఎట్లా ఉన్నాడంటే, సన్నగా పొడుగ్గా ఉన్నాడు, గోళ్ళకు నీలం రంగు అంటి ఉంది అంది. గుడియాతంలో నూలు పనివాళ్ళ పిల్లల్లో సగం మందికి గోళ్ళు అట్లాగే ఉంటాయి. ఇంకెవరి పిల్లవాడో అని నాకు నేనే చెప్పుకున్నాను. రాజమ్మ అంతా విన్నది. లోపలికి పోయి కిటికీ పక్కన వేసి ఉన్న చాప మీద కూర్చుంది.

నేను కాళ్ళు కడుక్కుని మూట విప్పాను. నా పంచె, కనకమ్మ చీర, రాజమ్మ పావడా ఉన్నాయి. వాటి కింద మునిరత్నం అంచు పంచె ఉంది.

నాకు ఒళ్ళు మండింది. వాడి బట్టలన్నీ పదోనాడే చాకలికి ఇచ్చేశాం. ఇది ఎట్లా వచ్చిందని అరిచాను. కనకమ్మ నా కంటే తెల్లబోయింది. ఒక్కటి దాచుకున్న మాట నిజమేనంది.

"కావాలని పెట్టలేదు. ఎన్నేండ్లుగా నలుగురికీ మూట కట్టిన చెయ్యి. అదే పెట్టేసినాది," అంది ఏడుస్తూ.

అంతలో బాలమ్మ ఆకులు వేసింది. నాలుగు వేసింది. ఒకటి తీసెయ్యమని చెప్పాను. పప్పు, చారు అయ్యాయి. రాజమ్మ మెతుకు ముట్టలేదు. మజ్జిగ అన్నం వడ్డించినప్పుడు బాలమ్మ లోపలి నుంచి ఒక బెల్లం గడ్డ తెచ్చి ఆ పిల్ల ఆకులో పెట్టింది. కనకమ్మ వద్దని అడ్డం పడింది. చిన్నప్పుడు రాజమ్మకు కడుపులో పురుగులు పడ్డాయి, అప్పటి నుంచి మా ఇంట్లో ఆ పిల్లకు బెల్లం పెట్టేది లేదు.

"తంబి చెప్పినాడమ్మా. బెల్లం నంజుకోను ఇస్తేనే అన్నం తింటాదని," అంది బాలమ్మ.

రాజమ్మ ఆ గడ్డ వైపు చాలాసేపు చూసింది. తర్వాత కొంచెం కొరికి, ఒక ముద్ద కలిపి నోట్లో పెట్టుకుంది. ఇంకో ముద్ద పెట్టుకుంది. ఆకు ఖాళీ చేసి మళ్ళీ వడ్డించమని అడిగింది. ఎన్ని నెలలయిందో నా బిడ్డ అన్నం అడిగి. నేనూ కనకమ్మా చేతులు ఆకులో పెట్టుకుని అట్లాగే ఉండిపోయాం.

తిన్న తర్వాత రాజమ్మే చెప్పింది. "అన్న మగ్గం గుంటలో దాచిపెట్టి, మీకు తెలీకుండా ఇస్తా ఉండె."

ఆ సంగతి మాకు తెలియదు. వాళ్ళిద్దరికి తప్ప ఎవరికీ తెలియదు.

ఆ తర్వాతి మూడు రోజులు తల్లీ కూతురూ హాయిగానే ఉన్నారు. కోట అగడ్త గట్టున కూర్చునేవాళ్ళు, వేరుశనక్కాయలు ఒలుచుకునేవాళ్ళు, పగలు నిద్రపోయేవాళ్ళు. నాకు మాత్రం కాలు నిలవలేదు. జట్కావాళ్ళను అడిగాను. వీధిలో ప్రతి ఇంటివాళ్ళనూ అడిగాను. గురువారం అట్లాంటి కుర్రవాణ్ణి చూసినట్టు ఒక్కరూ చెప్పలేదు. షావుకారు దగ్గరికి పోయి ఎవరినైనా పంపావా అంటే, నేనెవరినీ పంపలేదు, వచ్చేది ముగ్గురని మాత్రం చెప్పాను అన్నాడు. బాలమ్మను మూడోసారి అడిగేసరికి ఆమెకు కోపం వచ్చింది.

"అబద్ధం చెప్తే నాకేమొస్తాదప్పా? మీ బిడ్డను మీరే ఇట్లా విచారిస్తే ఎట్లా? ఇంట్లో కొట్లాడి పోయినాడా ఏమి?"

వాడు చనిపోయాడని ఆమెకు చెబుదామని నోటి దాకా వచ్చింది. కనకమ్మ నన్ను పక్కకు లాగింది.

"చెప్పొద్దు. చెప్తే భయపడి మాట మార్చేస్తాది. వాడు వచ్చినాడని ఒక్కమనిషన్నా అననీ."

నా భార్య మాటకు నేను తలవంచింది అదే మొదటిసారి.

గురువారం తిరుగు ప్రయాణం. జట్కా వాకిట్లో నిలిచింది. సామాను ఎక్కించాను, కనకమ్మ ఎక్కింది. రాజమ్మ గడప దగ్గరే ఆగి గదిలోకి చూస్తోంది.

"నాయనా, అన్న మనతో వస్తాడా, ఈడనే ఉంటాడా?"

పిల్లల దగ్గర నేను అబద్ధం ఆడను. ఏది నిజమో నాకే తెలియదు. నా మొహం చూసి ఆ పిల్లే నా చేయి పట్టుకుంది.

"రాడులే నాయనా. నేను తింటానని తెలిసిపోయె గదా," అంది.

కొడుకు పోయిన రోజున కూడా నేను ఏడవలేదు. మగ్గం పని చూసుకున్నాను. ఆ రోజు వేలూరు వీధిలో, జట్కావాడు చూస్తుండగా, గోడకు ఆనుకుని ఏడ్చాను.

రాజమ్మ కోలుకుంది. ఇప్పుడు తిరుపత్తూరులో కాపురం చేస్తోంది, ఇద్దరు పిల్లల తల్లి. ఆ గురువారం వచ్చిన కుర్రవాడు ఎవరో నేను ఇప్పటికీ చెప్పలేను. మా వాడే అనడానికి ధైర్యం చాలదు, కాదనడానికి మనసు రాదు. నూలు పని మీద వేలూరికి ఎన్నోసార్లు పోయాను. చుట్టు తిరిగైనా పోతాను గానీ బాలమ్మ ఉండే వీధిలోకి మాత్రం పోను. మళ్ళీ వచ్చాడని ఆమె చెబితే నేనేం కావాలి? రాలేదని చెబితే ఏం కావాలి?